కరెంటు పని నేర్పే చోట తీగ కొనడానికి డబ్బు లేదా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అబ్బాయి ఒడియా మాధ్యమంలో పదో తరగతి పాసై, ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు. ఏడాది కావస్తోంది. ఆ ట్రేడుకు సొంత మాస్టారు లేరు. వేరే ట్రేడు మాస్టారు వచ్చి హాజరు వేసి వెళ్తారట. వర్క్‌షాపులో కొత్త యంత్రాలు ఉన్నాయి, కానీ వాటి మీద కవర్లు ఇంకా తీయలేదు. ప్రాక్టికల్స్ అడిగితే తీగ లేదంటారు. విశాఖలో ఒక ప్రైవేటు సంస్థ మూడు నెలల్లో పని నేర్పి ఉద్యోగం చూపిస్తామంటోంది, నలభై వేలు అడుగుతోంది. ఐటీఐ మానేసి అక్కడికి పోతానని మా వాడి పట్టు. అప్పు చేసి పంపమంటారా? కరెంటు పని నేర్పే చోట తీగ కొనడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదా? మాలాంటి సరిహద్దు ఊళ్లంటే చిన్నచూపా? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు మీ ఇంటి సంగతి తేల్చుకుందాం. అబ్బాయిని ఐటీఐ మాన్పించకండి. ఆ నలభై వేల అప్పు అసలే చేయకండి.

రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి అఖిల భారత పరీక్ష పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు అడిగేది అదే, లేదంటే డిప్లొమా. సునాబెడలోని విమాన ఇంజిన్ల సంస్థ హెచ్ఏఎల్, దామన్‌జోడిలోని అల్యూమినియం సంస్థ నాల్కో ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకునేటప్పుడు చూసేదీ ఆ సర్టిఫికెట్టే. మూడు నెలల కోర్సు ఇచ్చే కాగితం ఈ చోట్ల దానికి బదులుగా చెల్లదు. ఇప్పుడు మానేస్తే గడిచిన ఏడాది చేజారుతుంది, సీటూ పోతుంది. ఐటీఐ పూర్తయ్యాక చిన్న కోర్సు ఏదైనా చేయాలనుకుంటే చేయవచ్చు, అప్పుడు దానికి విలువ ఉంటుంది. ఉద్యోగం చూపిస్తామన్న విశాఖ సంస్థను మాత్రం ఒకటి అడగండి: ఏ కంపెనీ, ఏ ఊరు, నెలకు ఎంత జీతం, ఎంతకాలం. ఇవి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వని వాళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఒడిశాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రిజర్వేషన్లకు పనిచేయదు. పార్వతీపురం గంట దూరంలోనే ఉన్నట్టు అనిపించినా, హక్కులు మాత్రం రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోతాయి. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి అవతలికి వెళ్లాకే తెలుస్తోంది.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న. నిజానికి పెద్ద ప్రశ్న అదే. గుణుపురానికి ఇవ్వవద్దని ఏ అధికారీ కూర్చుని రాయడు. కానీ డబ్బు పంచే పద్ధతే ఎలా ఉందంటే, చిన్నచూపు చూస్తే ఏం జరుగుతుందో చివరకు అదే జరుగుతోంది.

నేను ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పినవాణ్ణి కనుక తీగతోనే మొదలుపెడతాను. మొదటి ఏడాదిలో పిల్లలు నేర్చుకునే పనుల్లో బ్రిటానియా జాయింట్ ఒకటి. రెండు రాగి తీగల చివరలను శుభ్రంగా గీకి, కొసలు కొద్దిగా పైకి వంచి, పక్కపక్కన ఆనించి, సన్నటి తీగతో చుట్టుకు చుట్టు తగిలేలా బిగించి చుట్టాలి. ఆ తర్వాత సోల్డరింగు, అంటే లోహం కరిగించి అతకడం. చూడటానికి సులువు. మొదటిసారి చేసిన పిల్లవాడి జాయింటును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలితిప్పితే కదులుతుంది. కదిలిందంటే లోపల ఖాళీ ఉందని అర్థం. ఖాళీ ఉన్న చోట కరెంటు ప్రవహిస్తే తీగ వేడెక్కుతుంది. మాస్టారు దాన్ని కోసి పక్కన పడేసి మళ్లీ చేయమంటారు. మూడోసారికో నాలుగోసారికో వేళ్లకు ఆ బిగువు తెలుస్తుంది. చుట్టి, సోల్డరింగు చేసి, కోసేసిన ముక్క మళ్లీ పనికిరాదు. బ్యాచికి ఇరవై మంది. ఇది ఒక్క జాయింటు సంగతి. చెక్క బోర్డు మీద మెట్ల లైటుకు రెండు స్విచ్‌ల వైరింగు, ఫ్యాను వైండింగు, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ (తీగ పైతొడుగు) పరీక్ష, ఇవన్నీ ఇంకా ఉన్నాయి. అంటే ఈ ట్రేడులో తీగ వృథా కావడమే చదువు. తీగ వృథా కాలేదంటే చదువు చెప్పలేదని అర్థం. ఈ పని చేత్తో చేయకుండా సర్టిఫికెట్ తీసుకున్న పిల్లవాడు రేపు మీ పక్కింటి పెంకుటింట్లో వైరింగు చేస్తాడు. ఆ వదులు జాయింటు దూలం మీద, ఎండిన వెదురు పక్కన ఉంటుంది. అందుకే ముడిసరుకు పద్దులో కోత అనగానే నాకు కోపం వస్తుంది. ఆఫీసు ఫైలులో అది చిన్న మొత్తం, ఇళ్లలో మాత్రం ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

మరి ఆ మొత్తం ఎందుకు రాదు? దేశంలో ఐటీఐ చదువుకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకాన్ని కేంద్రం 1950లో మొదలుపెట్టింది. రోజువారీ నిర్వహణ 1956లో రాష్ట్రాల చేతికి వచ్చింది. 1969 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక బాధ్యత కూడా వాటికే వెళ్లింది. ఆనాటి నుంచి ఏర్పాటు ఇదే: సిలబస్, పరీక్ష, బ్యాచికి ఎంతమంది, వర్క్‌షాపు ఎంత వైశాల్యం ఉండాలి, ఏ పరికరాలు ఎన్ని ఉండాలి అన్నవి ఢిల్లీ చెబుతుంది. మాస్టార్ల జీతాలు, తీగ, వెల్డింగ్ రాడ్లు, కరెంటు బిల్లు రాష్ట్ర బడ్జెట్ భరిస్తుంది.

కేంద్రం డబ్బు ఇవ్వడం లేదని కాదు, ఇస్తోంది. అయితే అది ఎక్కువగా ఒకేసారి ఖర్చయ్యే రూపంలో వస్తుంది. 2007–08లో మొదలైన పథకం కింద 1,396 ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కొక్క దానికి రెండున్నర కోట్ల వరకు వడ్డీ లేని అప్పు ఇచ్చారు. నక్సల్ ప్రభావిత జిల్లాల కోసం 2011లో ఒక పథకం వచ్చింది. జిల్లాకు ఒక ఐటీఐ, రెండు నైపుణ్య కేంద్రాలు. మొదట 34 జిల్లాలు, తర్వాత 47. ఆ మొదటి జాబితాలోనే మీ రాయగడ, పక్కన గజపతి, కింద మల్కాన్‌గిరి ఉన్నాయి. అవతల మహారాష్ట్ర వైపు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సిరొంచ తాలూకా ఉన్న గడ్చిరోలి కూడా ఉంది. భవనాలు అవసరమే, కాదనను. ఆ జిల్లాల్లో ఒకప్పుడు చెట్టు కింద కూడా ఈ చదువు లేదు.

కానీ భవనం ఒకసారి కడితే సరిపోతుంది, యంత్రం ఒకసారి కొంటే సరిపోతుంది. మాస్టారి జీతం మాత్రం ముప్పై ఏళ్ల పాటు నెలనెలా ఇవ్వాలి. రిబ్బను కత్తిరించడానికి భవనం ఉంటుంది, భర్తీ అయిన పోస్టుకు రిబ్బను ఉండదు. అందుకే రాష్ట్ర ఆర్థిక శాఖలు కొత్త పోస్టు అనగానే చేయి ముడుచుకుంటాయి, గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్లతో నడిపిస్తాయి. ఆ గెస్ట్ మాస్టారు కొంచెం మంచి జీతం దొరకగానే బరంపురమో భువనేశ్వరో వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం. గుణుపురంలో కుటుంబంతో ఉండి పనిచేయమంటే అందుకు తగిన జీతం, క్వార్టరు ఇవ్వాలి కదా. మీ అబ్బాయి వర్క్‌షాపులో కవరు తీయని యంత్రం కథ ఇదే. వండేవాళ్లు లేని ఇంటికి ఏటేటా కొత్త పొయ్యి కొని పంపుతున్నారు.

ఇంకో దారిలో వెళ్లే డబ్బు గురించి కూడా చెప్పాలి. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. చిన్న కోర్సులు చెప్పే శిక్షణ సంస్థలకు అందులో గంటకు ఇంత, ఒక్కొక్క అభ్యర్థికి ఇంత అని చెల్లించారు. శిక్షణ మొదలైనప్పుడు 30 శాతం, పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చాక 50 శాతం, ఉద్యోగం చూపించాక 20 శాతం. నక్సల్ ప్రభావిత జిల్లాల్లో అయితే మూల ధర మీద పదో వంతు అదనం. కాగితం మీద బాగానే ఉంది. అయితే తలల లెక్కన డబ్బు ఇచ్చే చోట తలలు పెంచడమే పని అవుతుంది. శిక్షణ పొందినట్టు చూపిన వారిలో అత్యధికుల బ్యాంకు ఖాతా వివరాలు సరిగా లేవని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో చెప్పింది. ఖాళీగా వదిలేసినవి, సున్నాలతో నింపినవి కూడా వాటిలో ఉన్నాయి.

తలల లెక్క మీలాంటి ప్రాంతాలకు మరో విధంగానూ అన్యాయం చేస్తుంది. ఇరవై మంది ఉన్న బ్యాచికీ, పండుగలకో పంట కోతలకో సగం మంది ఊళ్లకు వెళ్లి పది మంది మిగిలిన బ్యాచికీ మాస్టారి జీతం ఒక్కటే, కరెంటు బిల్లు ఒక్కటే. పుట్టాసింగి కొండల నుంచి వచ్చే సవర పిల్లవాడికి హాస్టలు లేకపోతే వాడు రాలేడు. రాకపోతే తల తగ్గుతుంది, తల తగ్గితే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే మాస్టారు ఉండరు. అప్పుడు "ఇక్కడ గిరాకీ లేదు" అని నివేదిక రాస్తారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. గిరాకీ లేకపోవడం కాదు అది, చేరుకునే దారి లేకపోవడం.

ఇప్పుడు కొత్తగా పీఎం–సేతు వచ్చింది. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, అక్టోబరులో మొదలైంది. మొత్తం 60,000 కోట్లు: కేంద్రం 30,000, రాష్ట్రాలు 20,000, పరిశ్రమలు 10,000. వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను ఎంచుకుని, 200 ఐటీఐలను కేంద్రాలుగా, 800 ఐటీఐలను వాటి అనుబంధాలుగా బాగుచేస్తారు. పెద్ద మొత్తమే, నేను స్వాగతిస్తాను. కానీ దేశంలో ప్రభుత్వ ఐటీఐలు మూడు వేలకు పైగా ఉన్నాయి. వెయ్యిలో చోటు దొరకని రెండు వేలకు పైగా సంస్థల పిల్లలు ఏం పాపం చేశారు? పైగా పరిశ్రమ ముందుకొచ్చి నడిపించాలన్నది ఈ పథకం పద్ధతి. రాయగడ పట్టణం పక్కన జేకే పేపర్ మిల్లు ఉంది, థేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఉంది, కాశీపూర్ వైపు అల్యూమినా ఫ్యాక్టరీ ఉంది. గుణుపురం చుట్టూ ఏముంది? వరి పొలాలు, జీడి తోటలు. పరిశ్రమ లేని చోటే పిల్లలకు చేతిపని ఎక్కువ అవసరం, పరిశ్రమ లేని చోటికే ఈ డబ్బు ఆలస్యంగా చేరే ప్రమాదం ఉంది.

ఈ గోడు మన దేశానిదే కాదు. ఇంగ్లండ్‌లో పదహారేళ్లు దాటిన పిల్లలకు వృత్తి విద్య చెప్పే ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలకు విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2013 నుంచి 2020 దాకా 4,000 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు పెరుగుతున్నా అది కదలలేదు. అక్కడి ప్రభుత్వ బడులు తిరిగి రాబట్టుకునే కొనుగోళ్ల పన్నును (వ్యాట్‌ను) ఈ కాలేజీలు సొంతంగా భరించాయి. డిగ్రీ చదువుకు ఉన్న గౌరవం చేతిపనికి లేని ప్రతి చోటా బడ్జెట్ ఇలాగే ఉంటుంది.

నా మట్టుకు నేను న్యాయం అనేది దేన్ని అంటానో చెప్తాను. అందరికీ తలకు సమానంగా పంచడం న్యాయం కాదు. మొదట ప్రతి యూనిట్‌కూ, అంటే ప్రతి బ్యాచికీ, శిక్షణ పొందిన శాశ్వత ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, పిల్లలు పది మంది ఉన్నా సరే. ముడిసరుకు పద్దును వేరుగా ఉంచాలి, ఏడాది మధ్యలో దాన్ని తీసి మరో దానికి వాడే వీలు ఉండకూడదు. కొండ ప్రాంతం, హాస్టలు, దూరం, ఇంటి భాష వేరు కావడం, వీటికి అదనంగా లెక్క కట్టాలి. కేంద్రం యంత్రం ఇచ్చిన చోట దాన్ని నడిపే మనిషి జీతంలో కూడా కొన్నేళ్లు వాటా పంచుకోవాలి. భవనం కంటే ముందు ఇవి జరగాలని నా గట్టి అభిప్రాయం.

ఇది ప్రభుత్వాలు చేయాల్సింది. మీరు చేయగలిగింది కూడా ఉంది, చిన్నదేమీ కాదు.

మీ అబ్బాయి బ్యాచిలోని పిల్లల తల్లిదండ్రులను కలవండి. అందులో సవరలు ఉంటారు, ఒడియావాళ్లు ఉంటారు. తెలుగువాళ్ల ఫిర్యాదుగా వెళ్తే ఇది భాష గొడవగా మారి పక్కకు పోతుంది. అందరూ కలిసి వెళ్తే ఇది తీగ గొడవగానే ఉంటుంది. మొదట ప్రిన్సిపాల్‌ను కలిసి మర్యాదగా మాట్లాడండి. చాలాచోట్ల ప్రిన్సిపాళ్లే పైకి ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయి ఉంటారు. తల్లిదండ్రుల సంతకాలున్న కాగితం వాళ్లకూ ఒక ఆసరా.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో దీనికి 'ఫారం ఎ' ఉంది, రుసుము పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కార్డుదారులకు రుసుము లేదు. తెలుగులో రాస్తే తీసుకోరు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు చెల్లుతాయి. ఒడియాలో మీ అబ్బాయే రాయగలడు, కానీ సంతకం మీది పెట్టండి. పిల్లవాడి పేరు ఈ కాగితాల్లోకి ఎందుకు? ఐటీఐ ప్రజా సమాచార అధికారికి రాస్తూ ఇవి అడగండి: ఎలక్ట్రీషియన్ ట్రేడుకు మంజూరైన ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు ఎన్ని, అందులో భర్తీ అయినవి ఎన్ని, ఖాళీలు ఏ తేదీ నుంచి ఉన్నాయి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో శిక్షణ ముడిసరుకు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏమేమి కొన్నారు, సంస్థ నిర్వహణ కమిటీ ఉంటే దాని సమావేశాల తీర్మానాల నకళ్లు, దాని ఖాతాలో ఉన్న నిల్వ. "ఎందుకు కొనలేదు" అని మాత్రం అడగకండి. ఆ చట్టం కింద ఉన్న రికార్డు ఇస్తారు, వివరణలు ఇవ్వరు.

కలెక్టరు కార్యాలయానికి మరో దరఖాస్తు పెట్టండి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గనుల కంపెనీలు రాయల్టీతో పాటు దానికి కూడా కడతాయి. బాఫ్లిమాలి బాక్సైటు మీ జిల్లా కొండల్లోదే. 2024 జనవరి మార్గదర్శకాల ప్రకారం ఆ నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, నైపుణ్య శిక్షణ వంటి ముఖ్య రంగాలకు వెళ్లాలి. గుణుపురం గనుల పక్కన లేదు కాబట్టి మొదటి హక్కు కాశీపూర్ వైపు గ్రామాలది, అది సబబే. అయినా ఆ గ్రామాల పిల్లలు జిల్లాలోని ఏ ఐటీఐలో చదువుతున్నారు, అక్కడ వర్క్‌షాపుకు, హాస్టలుకు ఆ నిధి నుంచి ఎంత మంజూరైంది అని అడగడం మీ హక్కు. ఆ లెక్క పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లడం, ఉత్త మాటలతో వెళ్లడం ఒకటి కాదు.

ఈలోగా అబ్బాయి చదువు ఆగకూడదు. చెన్నైలోని జాతీయ బోధన మాధ్యమ సంస్థ, నిమీ అంటారు, ఐటీఐ పుస్తకాలను ఒడియాలోనూ తెలుగులోనూ వేసింది. ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ రెండూ కొనమనండి. ఒడియాలో చదివి, అర్థం కాని చోట మీ ఇంటి భాషలో చూసుకుంటే బుర్రకెక్కుతుంది. భారత్ స్కిల్స్ వెబ్‌సైటులో పాఠాలు ఉచితం. మీ ఊళ్లో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే ఆదివారాలు వాళ్లతో వెళ్లనివ్వండి. ఒక షరతు మీద: మెయిన్ ఆఫ్ చేసి, టెస్ట్ ల్యాంపుతో చూసి, ఆ తర్వాతే తీగ ముట్టుకోవాలి. మాస్టారు పక్కన లేకుండా నేర్చుకునే పిల్లలకు ఈ అలవాటే రక్షణ.

రెండో ఏడాది చివర్లో అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండు వస్తుంది, చేతికి పనీ వస్తుంది. ఐటీఐలో దక్కని తీగ, మోటారు, ప్యానెలు అక్కడ దక్కుతాయి. మీ వాడికి విశాఖ మీద మనసు ఉంటే, చేతిలో సర్టిఫికెట్‌తో అక్కడి సంస్థలకే అప్రెంటిస్‌గా దరఖాస్తు పెట్టవచ్చు. అప్పుడు నలభై వేలు మీరు కట్టేది ఉండదు, నెలనెలా వాళ్లే ఇస్తారు.

సమాచార హక్కు దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం జవాబు వస్తే, మరో ముప్పై రోజుల్లోగా అదే శాఖలోని అప్పీలు అధికారికి రాయాలి. ఆ దశకు చేరితే, వచ్చిన కాగితాల నకళ్లు ఈ శీర్షికకు పంపండి. అప్పీలు ముసాయిదా నేను రాసి పంపుతాను.